అంపైరుది ఏ కులం?

2025 మే 3వ తారీకు, శనివారం. పొద్దున్నే మా హారిసన్‌లోని బడికి నడిచి వెళ్ళి ఓటేసి వచ్చాను. హారిసన్ అంటే కాన్‌బెర్రాకి ఉత్తరం కొసన ఉన్న పేట. పాతికేళ్ళ కిందట గొర్రెలు మేసిన బీళ్ళలో ఇప్పుడు ట్రామ్ తిరుగుతోంది. కార్తీక వనభోజనాల నాడు లెక్కేస్తే మా తెలుగువాళ్ళం ఒక చిన్న పంచాయతీకి సరిపోతాం.

బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి మూడు ప్రశ్నలడిగింది. పూర్తి పేరేమిటి, ఎక్కడ ఉంటారు, ఈ ఎన్నికలో ఇంతకుముందే ఓటేశారా. గుర్తింపు కార్డు అడగలేదు. రెండు కాగితాలిచ్చింది. అట్టతో చేసిన గూట్లో నిలబడి పెన్సిలుతో అంకెలు వేసి, మడిచి పెట్టెలో పడేశాను. బయట బడి నిధి కోసం రొట్టెలో సాసేజీ పెట్టి అమ్ముతున్నారు. శాకాహారిని కనుక వేయించిన ఉల్లిపాయలతో సరిపెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఇద్దరు మిత్రులు భోజనానికి వచ్చారు. ఒకాయనది గుంటూరు, ఒకాయనది కడప. ఇద్దరూ ఇక్కడి పౌరులే. పొద్దున నాతోబాటు వరసలో నిలబడ్డవాళ్ళే. మాటల్లో, ఇక్కడి ఎన్నికల కమిషనర్ పేరేమిటర్రా అని అడిగాను. ముగ్గురికీ తెలియదు. ఫోన్లో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆయనది ఏ ఊరు, ఏ మంత్రికి చుట్టం అన్న ఆలోచన అప్పటిదాకా మాకు తట్టనే లేదు.

పప్పుచారు వడ్డించే లోపలే మాట ఆంధ్రా మీదికి మళ్ళింది. అంతే. నిమ్మగడ్డ రమేష్‌కుమార్ ఎవరి మనిషి, నీలం సాహ్ని ఎవరి మనిషి, 2019లో ఇంటెలిజెన్స్ అధిపతిని ఎవరి కోసం మార్చారు, 2024లో డీజీపీని ఎవరి కోసం మార్చారు, అన్నీ తారీకులతో సహా ఇద్దరూ అప్పజెప్పేశారు. సముద్రాల అవతలి అంపైర్ల కులగోత్రాలు కంఠతా వచ్చు గానీ, పొద్దున వేసిన మా ఓటు లెక్కపెట్టేవాడి పేరు రాదు. నవ్వుకున్నాం గానీ, వాళ్ళు వెళ్ళాక అది నన్ను చాలాసేపు తొలిచింది. ఈ వ్యాసం అప్పుడు పుట్టింది.

మరచిపోయినవాళ్ళకోసం ఆ రమేష్‌కుమార్ కథ ఒకసారి చెప్పాలి. ఆయన నడిపింది ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘం కాదు, పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు జరిపే రాష్ట్ర ఎన్నికల సంఘం. కానీ అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఈ మెతుకు చాలు. 2020 మార్చి 15న కరోనా కారణంగా ఆయన స్థానిక ఎన్నికలు ఆరు వారాలు వాయిదా వేశారు. ఆ రోజే ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి గారు పత్రికలవాళ్ళ ముందు కూర్చుని, ఆ కమిషనర్‌దీ చంద్రబాబుదీ ఒకే సామాజిక వర్గమన్నారు. ఏప్రిల్ 10న ఆర్డినెన్సు వచ్చింది. కమిషనర్ పదవీకాలం ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకి తగ్గింది. మరునాడే కొత్త కమిషనర్‌గా ఒక రిటైర్డ్ జడ్జి గారు వచ్చి కూర్చున్నారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సు చెల్లదంది. జూలై ఆఖరుకి గానీ పాతాయన మళ్ళీ కుర్చీ ఎక్కలేదు. తరువాత జరిగిన తమాషా ఏమిటంటే, 2021 మార్చిలో ఆ 'శత్రువర్గపు' కమిషనర్ నడిపించిన మునిసిపల్ ఎన్నికల్లో దాదాపు అన్ని ఊళ్ళూ జగన్ గారి పార్టీయే గెలుచుకుంది!

మా కడప మిత్రుడి మొహం మాడిపోయింది. గుంటూరాయన మీసం దువ్వబోయాడు. ఆగు గురూ, నీ సంగతీ ఉంది అన్నాను. 2021 మార్చి 31న రమేష్‌కుమార్ రిటైరయ్యారు. ఏప్రిల్ 1న నీలం సాహ్ని వచ్చారు. ఏప్రిల్ 2న తెలుగుదేశం పార్టీ పరిషత్ ఎన్నికలు బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది. బుధవారం దాకా రాజ్యాంగ సంస్థ, శుక్రవారానికల్లా రబ్బరు స్టాంపు. కుర్చీ అదే, చట్టం అదే. మారింది కూర్చున్న మనిషి.

ఢిల్లీ సంఘం విషయంలోనూ మనవాళ్ళ పద్ధతి ఇదే. ఈవీఎం పక్కనుండే వీవీప్యాట్ పెట్టెలో పడే చీటీలు సగమైనా లెక్కపెట్టాలని 2019లో 21 పార్టీల తరఫున సుప్రీంకోర్టుకి వెళ్ళిన కేసు పేరే 'ఎన్. చంద్రబాబు నాయుడు వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా'. అప్పుడు అసెంబ్లీ స్థానానికి ఒక్క బూతులో లెక్కపెట్టేవాళ్ళు. 2019 ఏప్రిల్ 8న కోర్టు దాన్ని ఐదు చేసింది. ఆ ఎన్నికల్లో గెలిచిన జగన్ గారికి యంత్రాల మీద ఏ అనుమానమూ రాలేదు. 2024లో ఓడిపోయారు. ఆ జూన్‌లోనే, అభివృద్ధి చెందిన ప్రజాస్వామ్యాలన్నీ కాగితపు ఓటే వాడుతున్నాయి, మనమూ అటే వెళ్ళాలన్నారు. ఈసారి గెలిచిన చంద్రబాబు గారికి 2019 నాటి కేసు గుర్తు రాలేదు. నాకు ఇద్దరి మీదా సమానంగా కోపం. ఎందుకంటే ఇద్దరూ అడిగింది సరైనదే, ఇద్దరూ అడిగిన సమయమే తప్పు. ఓడినప్పుడు మాత్రమే అడిగితే అది ఏడుపు కింద జమైపోతుంది. సంఘానికి కావలసిందీ అదే.

ఇక్కడ నా మాట ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి. లేకపోతే నన్ను కూడా ఓడినవాళ్ళ గాటన కట్టేస్తారు. భారతదేశంలో ఈవీఎంలతో ఫలితాలు తారుమారు చేశారని నేను నమ్మను. దానికి ఆధారం చూడలేదు. ఆంధ్రలో అధికారంలో ఉన్నవాళ్ళు 2019లోనూ 2024లోనూ ఓడిపోయారు. ఆ పెట్టెల మీద నాకు పగ కూడా లేదు. నేను పెరిగింది హైదరాబాదులో, కుషాయిగూడలో. మా వీధిలో సగం మంది ఈసీఐఎల్ ఉద్యోగులు. దేశమంతా ఓటేసే పెట్టెలు బెంగుళూరులో బీఈఎల్, మన ఊళ్ళో ఈసీఐఎల్ తయారుచేస్తాయంటే మాకదో గొప్ప. 2024లో 64 కోట్ల మంది చేత ఓటేయించిన వ్యవస్థ అది. ఎన్నికల సంఘానికి పెద్ద చరిత్రే ఉంది. మొదటి కమిషనర్ సుకుమార్ సేన్ పుట్టెడు అక్షరం రాని దేశంలో గుర్తులతో ఓటేయించాడు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని తప్ప సొంతపేరు చెప్పని 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేయాల్సి వస్తే వెనకాడలేదు. మొదటి మహిళా ప్రధాన కమిషనర్ మన పశ్చిమగోదావరి ఆడపడుచు వి.ఎస్. రమాదేవి, 1990లో కొద్దిరోజులే అయినా. ఆ వెంటనే వచ్చిన శేషన్ సంగతి చెప్పక్కర్లేదు.

నా ఫిర్యాదు వేరు. మమ్మల్ని నమ్మండి అని అడగడం వేరు, ఇదిగో మీరే లెక్క చూసుకోండి అని పుస్తకం ముందు పెట్టడం వేరు. సంఘం రెండోది మానేసి మొదటిదానికి అలవాటు పడింది.

నా వృత్తిలోంచి ఒక ముచ్చట. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, ప్రోగ్రాం రాసేవాళ్ళకీ దాన్ని పరీక్షించేవాళ్ళకీ మేనేజరు ఒకడే. ఇంక్రిమెంటు రాసేదీ ఆయనే. పరీక్షల విభాగంలో ఉన్న ఒకమ్మాయి పట్టిన తప్పుల్ని ఆయన 'చిన్నవి' అని కొట్టేస్తుండేవాడు. ఆర్నెల్లకి ఆ అమ్మాయి తప్పులు పట్టడం మానేసింది. ఆమెకి ఎవరూ లంచమివ్వలేదు, బెదిరించలేదు. సిస్టమ్ లైవ్‌కి వెళ్ళిన వారానికి కూలింది. అందుకే పరీక్షించేవాడి నియామకం పరీక్షకి నిలబడేవాడి చేతిలో ఉండకూడదని మా వాళ్ళు ఇప్పుడు మొదటి రోజే నేర్పుతారు.

2023 మార్చి 2న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కూడా ఆ మాటే చెప్పింది. పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు, ప్రధాన న్యాయమూర్తి ముగ్గురూ కలిసి కమిషనర్లని ఎంచుకోవాలని. డిసెంబరులో చట్టం వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ప్రధాని ఎంపిక చేసిన కేంద్రమంత్రి కూర్చున్నాడు. ముగ్గురిలో ఇద్దరు ఒకే పక్షం. మూడోవాడు అసమ్మతి రాసి వెళ్ళొచ్చు. 2025 ఫిబ్రవరిలో జ్ఞానేశ్ కుమార్ నియామకమప్పుడు జరిగింది సరిగ్గా అదే. ఆ చట్టం మీద కేసు విచారణకు రావలసింది ఆ ఒకటిరెండు రోజుల్లోనే. ఆగలేకపోయారు.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. నేనిలా మాట్లాడితే గుంటూరు మిత్రుడు, మరి ఇక్కడి కమిషనర్‌ని ఎవరు వేస్తారు గురూ అన్నాడు. వెతికాను. ఇక్కడా ప్రభుత్వమే, గవర్నర్ జనరల్ సంతకంతో. సంఘానికి అధ్యక్షుడు మాత్రం ఫెడరల్ కోర్టు జడ్జి గానీ మాజీ జడ్జి గానీ అయి ఉండాలి, ఆ కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఇచ్చిన మూడు పేర్లలోంచి ఎంచాలి. అంటే నియామకంలో వాళ్ళు మనకంటే ఆకాశమంత ఎత్తులో లేరు. మరి తేడా ఎక్కడుంది? తప్పు జరిగినప్పుడు ఏం చేస్తారన్నదాంట్లో ఉంది.

2013 సెప్టెంబరు ఎన్నికల్లో పశ్చిమ ఆస్ట్రేలియా సెనెట్ ఓట్లు మళ్ళీ లెక్కపెడుతుంటే 1,370 ఓటు కాగితాలు కనబడలేదు. ఒక కీలకమైన ఘట్టంలో తేడా 14 ఓట్లే. సంఘం ఏం చేసింది? కాగితాలు పోయాయని తానే బయటపెట్టింది. ఫెడరల్ పోలీసు మాజీ అధిపతి మిక్ కీల్టీని పిలిచి విచారణ చేయించి, తన నిర్లక్ష్యాన్ని తిట్టిన నివేదికని అచ్చువేసింది. ఆ ఎన్నికని రద్దు చేయమని తానే కోర్టుకి వెళ్ళింది. ఎవరో దొంగిలించారన్న ఆధారం ఏమీ లేదు, ఒట్టి అజాగ్రత్త. అయినా 2014 ఏప్రిల్ 5న రాష్ట్రం రాష్ట్రమంతా, పద్నాలుగు లక్షల పైచిలుకు ఓటర్లు, మళ్ళీ వరసలో నిలబడ్డారు. దేశపు ఎన్నికల కమిషనర్ అంతకుముందే రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఇక్కడి జనానికి కమిషనర్ పేరు తెలియక్కర్లేకపోవడానికి కారణం ఇలాంటిదేనని నాకనిపిస్తుంది.

పక్కనే మన సంగతి చూడండి. 2018 డిసెంబరు 7న తెలంగాణలో ఓటేయడానికి వెళ్ళి, జాబితాలో పేరు లేక తిరిగొచ్చిన వాళ్ళలో బాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా ఉన్నారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. కథ అక్కడితో కంచికి వెళ్ళింది.

నా రంగం కంప్యూటర్లు కాబట్టి దాని దగ్గరికే వస్తాను. 2001లో మా కాన్‌బెర్రా ఏసీటీ శాసనసభ ఎన్నికల్లో కంప్యూటర్ మీద ఓటేసే పద్ధతి పెట్టారు. ఆస్ట్రేలియాలో అదే మొదలు. లినక్స్ మీద నడిచే ఆ ప్రోగ్రాం కోడ్‌ని అందరూ చూసేలా బయటపెట్టారు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు అది చదివి, లెక్కింపులో తప్పు పట్టుకున్నారు. సంఘం దిద్దుకుంది. 2020 ఎన్నికల తరువాత కూడా పరిశోధకులు తప్పులు చూపించారు, ఫలితం మారలేదు గానీ. తప్పు పట్టినవాళ్ళ ఇంటికి పోలీసులు రాలేదు.

మన హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్ విషయంలో వచ్చారు. 2010 ఏప్రిల్‌లో ఆయన, మిషిగన్ ప్రొఫెసర్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నిపుణుడు గాంగ్రీప్ కలిసి, ఒక ఈవీఎం చేతికి చిక్కితే దాని డిస్‌ప్లే బోర్డు మార్చి అంకెలు ఎలా తారుమారు చేయొచ్చో చేసి చూపించారు. ఆగస్టు 21న ఆయన్ని హైదరాబాదులో అరెస్టు చేసి ముంబాయి తీసుకెళ్ళారు. యంత్రాన్ని దొంగిలించారని కేసు. యంత్రం ఎక్కడిదన్నది నిజంగా అడగదగ్గ ప్రశ్నే, కాదనను. కానీ బీరువా తాళం నాసిరకమని చూపించినవాణ్ణి లోపలేసి, తాళం భేషుగ్గా ఉందని ప్రకటించడం ఏ పద్ధతి? అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకి పయనీర్ అవార్డు ఇచ్చింది. 2019లో చంద్రబాబు ఆయన్ని వెంటబెట్టుకుని ఢిల్లీ వెళితే, ఆ కేసు ఎత్తి చూపి ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. తొమ్మిదేళ్ళ తరువాత కూడా సమాధానం అదే, ప్రశ్న అడిగినవాడి చరిత్ర.

ఆస్ట్రేలియాని పొగుడుతున్నాననుకోకండి. సెనెట్ లెక్కింపు సాఫ్ట్‌వేర్ కోడ్ ఇమ్మని 2013లో ఒకాయన అడిగితే ఇక్కడి సంఘం వ్యాపార రహస్యమంది, ట్రిబ్యునల్ కూడా ఆ మాటే సమర్థించింది. నా దృష్టిలో అది తప్పే. అయితే కోడ్ ఇవ్వకపోయినా, 2016 నుంచి సెనెట్ కాగితాల మీద జనం వేసిన ప్రతి అంకెనీ ఫైలుగా బయట పెడుతోంది. 2022లో మా ఏసీటీ ఫైలు దింపుకుని, ఒక ఆదివారం కూర్చుని చిన్న ప్రోగ్రాం రాసి నేనే లెక్కపెట్టాను. డేవిడ్ పోకాక్, కేటీ గాలహర్ అనే వచ్చింది. ఇంట్లోవాళ్ళు పిచ్చనుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు పడ్డ తృప్తి ఇంతా అంతా కాదు.

ఇప్పుడు వీవీప్యాట్ చీటీల మాట. సగం చీటీలు లెక్కపెడితే ఫలితాలు ఐదారు రోజులు ఆలస్యమవుతాయని 2019లో సంఘం కోర్టుకి చెప్పింది. 2019లో ఆంధ్ర, తెలంగాణల్లో పోలింగు జరిగింది ఏప్రిల్ 11న. లెక్కింపు మే 23న. నలభై రెండు రోజులు ఆ పెట్టెలు స్ట్రాంగ్ రూముల్లో ఉన్నాయి. పార్టీల వాళ్ళు బయట పందిళ్ళేసుకుని కాపలా కాశారు. 2024లో ఆంధ్రలో మే 13న ఓటేసి జూన్ 4 దాకా ఆగారు. నలభై రెండు రోజులు నోరెత్తకుండా ఆగినవాళ్ళు ఇంకో ఆరు రోజులు ఆగలేరా! ఇక్కడ పోస్టులో వచ్చే ఓట్ల కోసమే పోలింగు తరువాత పదమూడు రోజులు ఆగుతారు. 2025 ఎన్నికల్లో సిడ్నీ బ్రాడ్‌ఫీల్డ్ సీటు మొదటి లెక్కలో ఎనిమిది ఓట్లతో ఒకరిదైతే, మళ్ళీ లెక్కపెడితే 26 ఓట్లతో ఇంకొకరిదైంది. తేలడానికి నెల పట్టింది. ఆకాశం విరిగి మీద పడలేదు.

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు మొత్తం చీటీలు లెక్కపెట్టాలన్న కోరికని కొట్టేస్తూ, రెండు మూడు స్థానాల్లో నిలిచినవాళ్ళు డబ్బు కట్టి ఐదు శాతం యంత్రాల మెమరీ పరీక్షించమని అడగవచ్చంది. ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి అడిగారు. యంత్రం సెట్టుకి జీఎస్టీతో కలిపి 47,200 రూపాయలు. తీరా చూస్తే సంఘం చేయబోయింది మెమరీ పరీక్ష కాదు, మాక్ పోలింగు. ప్రోగ్రాం రాసేవాడిగా చెబుతున్నాను, ఇది కార్డియోగ్రాం తీయమంటే మెట్లెక్కించి చూసినట్టు. ఆయన హైకోర్టుకి వెళ్ళారు. సెప్టెంబరుకల్లా ఆయనే అధికార కూటమిలోని జనసేనలో చేరారు. మనవాళ్ళ పట్టుదల అలాంటిది. పరీక్షించేటప్పుడు యంత్రంలోని డేటా చెరపొద్దని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో సంఘానికి వేరే చెప్పాల్సి వచ్చింది.

ఇక మిగతావి గబగబా చెబుతాను. హర్యానా ఎన్నికల వీడియో రికార్డులు ఇమ్మని 2024 డిసెంబరులో అక్కడి హైకోర్టు ఆదేశిస్తే, రోజుల వ్యవధిలో 93వ నియమం సవరించి సీసీటీవీ వంటివి జనం చూసే వీల్లేకుండా చేశారు. 2025 మేలో, ఎన్నికల పిటిషన్ పడకపోతే 45 రోజులకి ఆ రికార్డులు చెరిపేయవచ్చన్నారు. ఓటరు గోప్యత అంటారు. గోప్యత మంచిదే, కానీ పిటిషన్ వేయడానికి ఆధారం కావాలి, ఆధారం చూడాలంటే పిటిషన్ వేయాలి! ఓటర్ల జాబితా కంప్యూటర్ చదవగలిగే రూపంలో ఇమ్మంటే, దుర్వినియోగం అవుతుందని బొమ్మల కింద స్కాన్ చేసి ఇస్తారు. ఇక్కడా జాబితా దారినపోయేవాడికి ఇవ్వరు నిజమే, కానీ పార్టీలకి కంప్యూటర్ ఫైలుగానే ఇస్తారు. 2025లో బీహార్ జాబితా సవరించి ముసాయిదాలో 65 లక్షల పేర్లు వదిలేశారు. ఏ పేరు ఎందుకు పోయిందో కారణంతో సహా, వెతుక్కునే వీలుగా పెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెబితే గానీ పెట్టలేదు. చెప్పాక రోజుల్లోనే పెట్టేశారు. అంటే చేతకాక కాదు.

సరే, నీకక్కడ ఓటే లేదు, నీకెందుకన్నా ఈ గొడవ అని కడప మిత్రుడు అడిగాడు. ఓటు లేదు, నిజమే. ఇక్కడి పౌరసత్వం తీసుకున్న రోజే పోయింది. మా అమ్మకుంది. అయినా ఆ ప్రశ్న అడిగే హక్కు మనలో ఎవరికుంది? 2024లో ఓటేయడానికి విమానాలెక్కి వెళ్ళినవాళ్ళు, పార్టీలకి చందాలు పంపినవాళ్ళు, వాట్సాప్‌లో పొద్దస్తమానం యుద్ధాలు చేసేవాళ్ళు మనమే కదా. మన డబ్బూ, మన కులాభిమానమూ అక్కడికి చేరుతున్నాయి. ఇక్కడ చూసి నేర్చుకున్నది మాత్రం మన దగ్గరే ఉండిపోతోంది.

అందుకని ఆ సాయంత్రం ఒక తెల్లకాగితం తీసి నాలుగు ముక్కలు రాశాను. కమిషనర్లని ఎంచే ముగ్గురిలో ప్రభుత్వపక్షం ఇద్దరు ఉండకూడదు. ఎన్ని రోజులు పట్టినా సగం చీటీలు లెక్కపెట్టాలి. ఓటర్ల జాబితా పార్టీలకి కంప్యూటర్ చదవగలిగేలా ఇవ్వాలి. యంత్రాలు పరీక్షిస్తామని వచ్చే నిపుణుల్ని ఆహ్వానించాలి, అరెస్టు చేయకూడదు. కింద, మా పార్టీ గెలిచినా ఓడినా ఇదే అడుగుతాను అని ఒక వాక్యం రాసి ఇద్దరినీ సంతకం పెట్టమన్నాను.

కడప మిత్రుడు చదవకుండానే పెట్టేశాడు. గుంటూరాయన రెండుసార్లు చదివి, అన్నీ సబబుగానే ఉన్నాయి గురూ, కానీ ఇప్పుడు మనవాళ్ళే ఉన్నారు కదా, కాస్త ఆగి పెడతాలే అన్నాడు. అదే కాగితం 2019లో ఇచ్చి ఉంటే ఎవరు పెట్టేవారో, ఎవరు ఆగేవారో ముగ్గురికీ తెలుసు. టీ తాగి వెళ్ళిపోయారు. కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. వచ్చే ఆదివారం గుంటూరాయన మళ్ళీ వస్తానన్నాడు, పెన్ను పక్కనే పెట్టాను.